స్థితప్రజ్ఞుడును సముద్రమును

భగవద్గీత ద్వితీయాధ్యాయమున స్థితప్రజ్ఞుని సముద్రముతో పోల్చిన శ్లోకమును చదివినప్పుడెల్ల, కోస్తాతీరమున పుట్టి పెరిగినవానికి ఒక సందేహము కలుగక మానదు. నదులెన్ని వచ్చి చేరినను చలింపనిది సముద్రమని గీతాచార్యుని మాట. కాని కార్తికమాసమున తుపాను ఒడ్డునకు వచ్చు రాత్రి దానిని చూచినవాడెవ్వడు అచలమనగలడు? 1977 నవంబరు 19వ తేదీన ఉప్పెనయై దివిసీమపై పడి వేలకొలది ప్రాణములను హరించినది ఈ సముద్రమే కదా!

తుపాను ఎచ్చటనుండియో వచ్చి సముద్రముమీద పడు శత్రువు కాదు. ఇంచుమించు 26 డిగ్రీలకు మించి కాగిన పైనీటి వేడిమియే ఆవిరియై లేచి దానికి ప్రాణమగుచున్నది. అట్లు పుట్టిన గాలి, తన్ను కన్న నీటినే చిలికి, నూరు మీటర్ల లోతువరకును కలచివేసి, అడుగున నున్న చల్లని నీటిని పైకి తెచ్చును. తుపాను నెమ్మదిగా నడచినకొలదియు ఈ చల్లదనము హెచ్చగును. మన ఉత్తరార్ధగోళమున దాని దారికి కుడిప్రక్కను అది మిక్కిలిగా కనబడును. తుపానునకు మేత తగ్గి, దాని విజృంభణము కొంత అణగును. పిదప, లోతునుండి వచ్చిన పోషకద్రవ్యములను తిని కంటికానని నీటిమొక్కలు పెరిగి, ఆ దారివెంట కడలి పచ్చబడుటయు కలదు.

బంగాళాఖాతము తీరు వేఱు. గంగ, బ్రహ్మపుత్ర, ఇరావతి, మహానది, గోదావరి, కృష్ణ వర్షాకాలమున కుమ్మరించిన మంచినీరు, ఉప్పునీటికంటె తేలికయగుటచే క్రిందికి దిగక, పలుచని పొరయై పైననే పఱచుకొనును. మూతవంటి ఆ పొర, గాలి ఎంత చిలికినను, అడుగునీటిని సులభముగా పైకి రానీయదు. దానిక్రింద వేడిమిని దాచుకొన్న మఱియొక పొరయు నుండును. కావుననే వేసవి తుపానులకు సాధారణముగా 2, 3 డిగ్రీలు చల్లబడు ఖాతపు ఉత్తరభాగము, వానలు వెడలిన పిదప వచ్చు తుపానులకు 1 డిగ్రీ చల్లబడుటయు అరుదు. నదులు చేరి నిశ్చలతను కల్పించిన మాట నిజమే. కాని ఆ నిశ్చలత శాంతి కాదు, తుపానునకు తఱుగని మేత.

మనస్సునందును ఇట్టి నిశ్చలత యొకటి కలదు. చదువువలనను, మర్యాదవలనను, వ్రతనియమములవలనను చేరిన తేటదనము కొందఱిలో లోపలిదానితో కలియక పొరగానే నిలిచిపోవును. కోపము వచ్చినను వారి ముఖము మాఱదు, దానిక్రింద కోపమునకు వలయు వేడి యంతయు చెక్కుచెదరక యుండును. మఱియొకడు కలతపడును, కంట నీరు పెట్టును. ఆ కలతలోనే అతని లోతు పైకి వచ్చి వేడిని చల్లార్చును. ఈ యిరువురిలో స్థితప్రజ్ఞతకు చేరువ యెవ్వడు?

సగటున 2,600 మీటర్ల లోతుగల ఖాతమున తుపాను కలచునది పైపొరనే. గీతాచార్యుడు కదలదన్నది దాని నెలవును గాని అలను కాదని ఇప్పుడు తోచుచున్నది. దివిసీమలో బిడ్డలను పోగొట్టుకొన్న తల్లికి ఈ విచారణ ఓదార్పు కాజాలదు. కావలెనని కోరుటయు తప్పే. అయినను ఆ శ్లోకమును చదువునపుడు నా కన్నులయెదుట నిలుచు సముద్రమునకు అలలు కలవు. తన వేడిమినుండి పుట్టిన గాలిని తన లోతులోని చల్లదనముతో తానే అణచుకొనుచున్నది.