రాసినందుకా, అడిగినందుకా

పెదకాకానిలో దస్తావేజులు రాసి బతుకుతున్నాను. ఇప్పుడు వివరాలు చెబితే చాలు, ఫోనులో చాట్‌జీపీటీ క్రయ దస్తావేజు చిత్తుప్రతిని తెలుగులోనే రాసిస్తోంది. గుమాస్తా పనుల్లో 24 శాతం మీద ఈ యంత్రాల ప్రభావం బాగా ఎక్కువని, మరో 58 శాతం మీద ఓ మాదిరిగా ఉంటుందని 2023లో అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్కగట్టింది. చదివి భయపడ్డాను. ఆ భయం దేనికో తేల్చుకోవాలని ఉంది.

1998 నవంబరులో ‘కార్డ్’ పేరుతో రిజిస్ట్రేషన్ ఆఫీసులకు కంప్యూటర్లు వచ్చినప్పుడు కూడా మా పని అయిపోతుందన్నారు. చేతిరాత పోయి డీటీపీ వచ్చింది, మేం మిగిలాం. మిర్చి అమ్మిన డబ్బుతో అరెకరం కొన్న రైతుకి తన పొలం కాగితం తనకే అర్థం కాదు. నా రాబడిలో కొంత ఆ అర్థం కాకపోవడం మీదే నిలబడింది. ఆ కొంత పోతే బాధపడే హక్కు నాకు లేదు.

మొన్నొక కుర్రాడు భాగపంపకాల దస్తావేజు ఫోనులో రాయించుకొచ్చాడు. సర్వే నంబర్లు, హద్దులు, భాష, దేనికీ వంక పెట్టలేం.

“మీ మేనత్త పేరేది బాబూ?” అన్నాను.

“ఆవిడకి పెళ్లప్పుడే ఇచ్చేశారు కదండీ. ఆ సంగతి దీనికి చెప్పలేదు.”

పిత్రార్జితంలో ఆడపిల్లకి కొడుకుతో సమాన హక్కు మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచే ఉంది. అప్పటికే పెళ్లయినవాళ్లకి మాత్రం వర్తించలేదు. 2005 కేంద్ర సవరణ ఆ తేడా కూడా తీసేసింది. ఈ చట్టం యంత్రానికి నాకన్నా బాగా తెలిసి ఉండొచ్చు. కానీ మేనత్త ఉన్న సంగతి ఇంట్లోవాళ్లు దాస్తే, ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని అడగాలి. జవాబు దాటేస్తే మళ్లీ అడగాలి. అమరావతి మాటతో భూముల ధరలు ఎక్కాక ఇలా దాటేయడం మరీ ఎక్కువైంది.

ఇన్నాళ్లూ నాకు డబ్బిచ్చింది రాసినందుకే. అడగడం నా అంతట నేను చేసిన పని. గట్టిగా అడిగితే ఒక్కోసారి ఆ దస్తావేజే ఆగిపోతుంది, నా ఫీజు కూడా. చేతినిండా పని ఉన్న రోజుల్లో ఆ నష్టం తట్టుకున్నాను. పని తగ్గేకొద్దీ, ఉన్న ఒక్క పార్టీని పోగొట్టుకోలేక మేనత్త ఊసెత్తకుండా ఊరుకుంటానేమో! నాకు అసలు భయం అదే.

అందుకే కాగితాలు చదివి వినిపించి, అడగాల్సినవి అడిగినందుకు వేరే ఫీజు చెబుతున్నాను, దస్తావేజు ఎవరు రాసినా సరే. కొందరు ఇస్తున్నారు. ఎక్కువమంది ఫోను చూపించి లేచి వెళ్తున్నారు.