పారాయణ నియమము – మైనాకుని ఆతిథ్యము

గుంతకల్లు జంక్షనులో నిలిచిన యాత్రికునకు రైళ్ళు పలుదిక్కులకు లభించును. ఒకటి రాయచూరు వైపునకు, ఒకటి బళ్ళారికి, ఒకటి నంద్యాలకు, మరొకటి రేణిగుంట మీదుగా తిరుపతికి. అన్నియు మంచి ఊళ్ళకే పోవును. అయినను తిరుమల చేరదలచినవాడు నడుమ నడుమ దిగి వేరొక బండి ఎక్కుచుండినచో, అతని యాత్ర ప్లాట్‌ఫారముల మీదనే ముగియును. గ్రంథపఠనమునందును ఇట్టి చిక్కు గలదు.

ఈ ఊరికి సమీపముననే కసాపురమున శ్రీ నెట్టికంటి ఆంజనేయస్వామి వెలసియున్నాడు. వ్యాసరాయలవారి ప్రతిష్ఠ యని సంప్రదాయము. ఆ సన్నిధిని సంకల్పము చెప్పుకొని, దినమునకొక సర్గ చొప్పున 68 దినములు సుందరకాండ పారాయణము చేయబూనితిని. మూడు వారములు నిర్విఘ్నముగా సాగినది. అంతట ఒక మిత్రుడు భాగవత వ్యాఖ్యానమొకటి తెచ్చియిచ్చెను. ఆ రాత్రి గజేంద్రమోక్షము చదువుచు నియమసర్గను మరచితిని. మరునాడు మరచుట కాదు, తెలిసియే వాయిదా వేసితిని. “ఇదియు భగవత్కథయే గదా! దోషమేమి?” అని మనస్సు సమర్థించుకొన్నది.

ఈ ప్రశ్న తేలికయైనది కాదు. చెడ్డ పుస్తకము పిలిచినచో త్రోసివేయుట సులభము. మంచి పుస్తకము పిలిచినప్పుడే నియమమునకు పరీక్ష.

దీనికి సమాధానము నేను విడిచిన కాండమునందే, మొదటి సర్గలోనే ఉన్నది. సముద్రము దాటుచున్న హనుమంతునకు ముందుగా ఎదురైనవాడు శత్రువు కాడు, మైనాకుడు. సాగరుని కోరికపై పైకి లేచి, తన రెక్కలను కాపాడిన వాయుదేవుని తలచుకొని, ఆ వాయుపుత్రునకు ఫలములతో ఆతిథ్యమిచ్చెదనన్నాడు. హనుమంతుడు అతనిని నిందింపలేదు. నడుమ నిలువనని మాట యిచ్చితినని విన్నవించి, చేతితో స్పృశించి, సాగిపోయెను. ఆతిథ్యము స్వీకరింపబడకున్నను మైనాకునకు లోపము కలుగలేదు. ఇంద్రుడు సంతసించి అభయమిచ్చెను. మనము నేడు తెరువని సద్గ్రంథమునకు అవమానము లేదు. అది వేచియుండును.

తరువాత సురస. ఆమెకు వరము గలదు గనుక, ఆమె నోట ప్రవేశింపక తప్పదు. హనుమంతుడు సూక్ష్మరూపుడై ప్రవేశించి, వెలికి వచ్చి, వరమును మన్నించెను. ఇంట వృద్ధులు మంచము పట్టినను, బిడ్డకు జ్వరము వచ్చినను, ఆ ధర్మము సురస వంటిది. దానిని కాదని గ్రంథము పట్టుకొని కూర్చుండుట నిష్ఠ కాదు, అహంకారము. వినయముతో ఆ పని నెరవేర్చి మరల పారాయణమునకు రావలయును.

చివరిది సింహిక. నీడను పట్టి లాగునది. చేతిలోని ఫోను అట్టిది. ఒక్క నిముషమని తీసినచో అర్ధరాత్రియగును. దానితో మర్యాదలు పనికిరావు. హనుమంతుడు చేసినట్లు తెంచివేయుటయే.

ఇక నా దోషమెక్కడ? భాగవతము చదువుటలో లేదు. మైనాకుని సురసగా భ్రమించుటలో ఉన్నది. నా ఇష్టమునకు ధర్మమని పేరు పెట్టుకొంటిని. స్వామి యెదుట ఇచ్చిన మాట తప్పినచో స్వామికి కలుగు నష్టమేమియు లేదు. కాని తన మాటకు తానే విలువ నీయనివానికి, ఇరుగుపొరుగువారికిచ్చిన మాటయు తేలికగానే తోచును. పారాయణ నియమము మనకు నేర్పునది శ్లోకముల సంఖ్య మాత్రమే కాదు, మాటపై నిలుచుట.

ఆ వ్యాఖ్యానమును పట్టుబట్టలో చుట్టి పూజామందిరమున ఉంచితిని. విడిచిన సర్గ నుండియే మరల మొదలిడితిని. రెండు దినములు ఆలస్యముగా పట్టాభిషేక సర్గ చదివి హారతి యిచ్చి, ఆ సాయంకాలమే పట్టుబట్ట విప్పితిని. గజేంద్రుడు అచ్చటనే యుండెను.

నియమము పట్టిన భక్తులకెల్లరకు శ్రీ నెట్టికంటి ఆంజనేయస్వామి, మైనాకుని స్పృశించి సాగిపోవు నేర్పును ప్రసాదించుగాక!