మొదటి లెక్కకు తిరిగి వచ్చుట

పఠనభాగము: లూకా సువార్త 19వ అధ్యాయము, 1 నుండి 10 వచనములు



లారీ మీదను టిప్పరు మీదను బ్రతుకు కుటుంబములు మన బోరబండలో క్రొత్త కావు. మాదాపూరు, హైటెక్ సిటీ వైపున లేచిన మేడలకు ఇసుకయు కంకరయు మోసినవారిలో మనవారును ఉన్నారు. అట్టి సహోదరుడొకడు గత మాసమున ఆరాధన ముగిసిన పిమ్మట నాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, బండి కంప్యూటరును మళ్ల కంపెనీ లెక్కకు మార్పిచ్చిన. ఇప్పుడు బండి లాగుతలేదు. మంచి చేసిన్నా, తప్పు చేసిన్నా?" అని యడిగెను. అతని సెలవు తీసికొని వ్రాయుచున్నాను; పేరు మాత్రము వ్రాయను.

నాకు ఇంజను సంగతి తెలియదు గనుక, ఆ పని తెలిసిన మరియొక సహోదరుని అడిగితిని. నేటి లారీలో ఇంజనునకు ఎప్పుడు ఎంత డీజిలు పోయవలెనో, టర్బో ఎంత గాలి నూదవలెనో, ఒక చిన్న కంప్యూటరు నిర్ణయించును. మన దేశమంతట 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్ 6 నియమము అమలులోనికి వచ్చెను. అప్పటినుండి పెద్ద డీజిలు బండ్లలో అనేకము వేరొక తొట్టిలో యూరియా నీళ్లను మోయుచున్నవి. నూటికి 32.5 పాళ్లు యూరియా, తక్కినది శుద్ధజలము. దానిని సైలెన్సరు దారిలో చిమ్మగా, విషవాయువులైన నైట్రోజన్ ఆక్సైడులు అక్కడి తేనెపట్టువంటి భాగములో మామూలు నైట్రోజనుగాను నీటి ఆవిరిగాను మారును.

మన సహోదరుడు కిస్తుల భారము చేత ఒకని మాట వినెను. ఆ మనుష్యుడు ల్యాపుటాపు తగిలించి, కంపెనీ ఫైలును దాచి, వేరొకటి వ్రాసెను. డీజిలు హెచ్చెను, జోరు హెచ్చెను, యూరియా ఖర్చు తప్పెను. ఆ తేనెపట్టును కూడ పగులగొట్టి తీసివేసిరి. అయినను పొల్యూషన్ సర్టిఫికెట్ వచ్చెను! ఏలయనగా ఆ పరీక్షలో డీజిలు పొగ ఎంత దట్టముగా నున్నదో చూతురే గాని నైట్రోజన్ ఆక్సైడులను కొలువరు. సామెతల గ్రంథము దొంగత్రాసును గూర్చి చెప్పినప్పుడు మనము కిరాణా దుకాణమునే తలంతుము. ఈ త్రాసు స్టీరింగు క్రింద నున్నది, అంతే భేదము. తగ్గిన తూకము నష్టము కొనినవానిదే. ఇక్కడ నష్టము ఆ సందులో ఉబ్బసముతో పడుకొన్న బిడ్డది.

చట్టము సంగతి ఒక్కమాట. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ఇట్టి మార్పులను నిషేధించుచున్నది. 2019 సవరణ ప్రకారము యజమానికి ఆరు నెలల వరకు జైలు గాని, ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జుల్మానా గాని, రెండును గాని కలుగవచ్చును. కాని అతడు పోలీసునకు భయపడి రాలేదు. తన చిన్నకుమారుడు రాత్రివేళ దగ్గుచుండగా విని వచ్చెను.

మరి బండి ఎందుకు లాగుటలేదు? పాత ఫైలు తిరిగి వచ్చెను గాని తేనెపట్టు తిరిగి రాలేదు. కంప్యూటరు ఆ భాగమును వెదకి, కానక, ఎఱ్ఱదీపము వెలిగించి, ఇంజను బలమును తానే తగ్గించివేసెను. బాగుచేయువరకు అది వినదట. జక్కయ్య కథలో నేను ఇన్నేండ్లు సరిగా చూడని సంగతి ఇదియే. నియమించిన సుంకముకంటె ఎక్కువ పుచ్చుకొనుట మానెదనని చెప్పి అతడు ఊరకుండవచ్చును గదా! అది ఫైలు మార్చుట మాత్రమే. అతడు తీసినదానిని నాలుగింతలుగా తిరిగి పెట్టుటకు లేచి నిలువబడెను.

ఇక్కడ ఒకరు నన్ను అడ్డగించిరి: "కంపెనీ లెక్క యంత పరిశుద్ధమా?" మంచి ప్రశ్నయే. 2015 సెప్టెంబరులో ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ తానే డీజిలు కార్ల కంప్యూటర్లలో మోసము నుంచెనని అమెరికాలో బయలుపడెను. పరీక్ష జరుగుచున్నదని గ్రహించినప్పుడు మాత్రము ఆ కార్లు శుద్ధముగా నడిచెడివి. లోకమంతట సుమారు 1 కోటి 10 లక్షల కార్లు. మన దేశములో 3,23,700 కార్లను సరిచేయుటకు ఆ డిసెంబరులో వెనుకకు పిలిచిరి. అక్కడ వంకర కార్ఖానాలోనే యుండెను. కనుక నేను ఏ కంపెనీని సృష్టికర్తతో పోల్చను. యిర్మీయా చూచిన కుమ్మరి వేరు.

సహోదరునితో, "మంచే చేసితివి నాయనా, అయితే సగమే చేసితివి" అంటిని. అతడు తల వంచుకొని, "ఆ సామాను ధర మూడు కిస్తులకంటె ఎక్కువుంది, అయ్యగారూ" అనెను. అనుమతించిన బరువే ఎత్తెదనని కాంట్రాక్టరుతో చెప్పగా, అతడు రెండు ట్రిప్పులను వేరొకనికి ఇచ్చివేసెను.

బండి ఇప్పుడు సందు చివర నిలిచియున్నది. సామానునకు సగము సొమ్ము కట్టినాడు. ఈ నెల కిస్తు గడువు 10వ తేది. బుధవారపు ప్రార్థన పిమ్మట సంఘపెద్దలు ఈ విషయమై కూడుకొనుచున్నారు, రాగలవారు రావలెను.