ఊరికే కూర్చున్నప్పుడు

మధ్యాహ్నం రెండు గంటలవేళ. వంటిల్లు సర్దేశాను. అత్తగారికి మందు వేసి, పక్క మార్చి, వరండాలో కుర్చీ వేసుకున్నాను. చేతిలో పుస్తకం లేదు, ఒళ్ళో చేట లేదు. అచ్చంగా ఊరికే కూర్చున్నాను.

అంతలో ఎవరో చెవిలో చెప్పినట్టు ఒక ఆలోచన వచ్చింది. "ఈవిడ ఇంకెన్నాళ్ళుంటారో! ఈ చాకిరీ ఎప్పటికి తీరుతుందో!"

ఉలిక్కిపడ్డాను. నా రెండు పురుళ్ళకీ కంటికి రెప్పలా చూసుకున్న మనిషి, మూడేళ్ళుగా మంచాన ఉన్నది. ఛీ, నేనింత పాపిష్టిదాన్నా? ఆ సాయంత్రం జావ తాగిస్తూ ఆవిడ ముఖంలోకి చూడలేకపోయాను.

నేను చదివింది ఆర్ట్సు. మెదడు సంగతి నాకేం తెలుసు? అయినా ఆ బెంగతోనే పుస్తకాలు తిరగేశాను. మనం ఊరికే కూర్చున్నా మెదడు ఊరుకోదట! శరీరం బరువులో నూటికి 2 వంతులే ఉన్న మెదడు, విశ్రాంతిలో సైతం శరీరం ఖర్చుచేసే శక్తిలో నూటికి 20 వంతులు తీసుకుంటుంది. లెక్క కట్టినా, పద్యం అప్పజెప్పినా ఆ ఖర్చు పెరిగేది స్వల్పమే. కళ్ళు మూసుకుని నిమ్మళంగా ఉన్నవాళ్ళ మెదడులో సెకనుకు సుమారు 10 సార్లు లేచే విద్యుత్తరంగాలను గురించి హాన్స్ బెర్గర్ అనే జర్మన్ వైద్యుడు 1929లోనే ప్రకటించాడు. కదలక పడుకున్నప్పుడు కూడా, చేతుల్ని ఆడించే కుడి ఎడమ భాగాలు జతగా హెచ్చుతూ తగ్గుతూ ఉంటాయని 1995లో అమెరికాలో భరత్ బిస్వాల్ బృందం చూపించింది.

ఈ సందడి నడుమ థాలమస్ అని ఒకటుంది. మెదడు నడిమధ్యన గుడ్డు ఆకారంలో రెండు ముద్దలు. గ్రీకులో ఆ మాటకు లోపలి గది అని అర్థం. వాసన తప్ప చూపు, వినికిడి, స్పర్శ అన్నీ ఆ గది మీదుగానే మెదడు పైపొరకు చేరాలి. బయటినుంచి కబురు రాకపోయినా ఆ గదీ పైపొరా తమలో తాము మాట్లాడుకుంటూనే ఉంటాయి. నిద్రలో బయటి కబుర్లు చాలావరకు ఆగిపోయినా థాలమస్ తన లయ తాను సాగిస్తూనే ఉంటుంది.

"చూశావా అమ్మా, అది మెదడు పని. నీ తప్పేం లేదు" అన్నది మా అమ్మాయి.

హాయిగా ఒప్పుకునేదాన్నే. కానీ నా కథలు సగం ఇలా ఊరికే కూర్చున్నప్పుడు వచ్చినవే! వాటికింద నా పేరు వేసుకున్నాను, పారితోషికం పుచ్చుకున్నాను. మంచి ఊహ వస్తే నాదీ, చెడ్డది వస్తే మెదడుదీనా? ఇదేం న్యాయం?

ఆలోచించగా నాకు తోచింది ఇది. గుమ్మంలోకి ఎవరు వస్తారన్నది మన చేతిలో లేదు. ఎవరికి పీట వెయ్యాలన్నది మాత్రం మనదే. అయితే తలుపు మూసేముందు, వచ్చినవాళ్ళు ఎందుకొచ్చారో అడగాలి కదా! అడిగాను. ఆ ఆలోచన చెప్పింది ఆవిడ చావు గురించి కాదు, నా అలసట గురించి.

ఆ రాత్రే మావారితో చెప్పాను, "ఇకనుంచి ఆదివారాలు మీ అమ్మగారిని మీరు చూసుకోవాలి" అని. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదూ?" అన్నారు.

మొన్న ఆదివారం మళ్ళీ వరండాలో కూర్చున్నాను. లోపల్నుంచి అత్తగారు, "ఏం చేస్తున్నావే?" అని కేకేశారు.

"ఊరికే కూర్చున్నానత్తయ్యా."

"కూర్చోవే, కాసేపు కూర్చో" అన్నారావిడ.