దేవద్రవ్యము - భక్తుని ప్రశ్న

పసుపు గుడ్డలో ముడుపు కట్టి దేవుని గూటిలో దాచుకొన్న ఇల్లాలు, సంవత్సరముల తరబడి రూపాయి మీద రూపాయి చేర్చి, యాత్రకు పోయిననాడు ఆ మూటను హుండీలో సమర్పించును. అందెంత కలదో హుండీకి తెలియదు. ఒక్కొక్కప్పుడు ఇంటివారికిని తెలియదు. పిమ్మట ఒకనాడు, దేవద్రవ్యమును కాపాడవలసినవారే దానిని స్వంతమునకు వాడుకొనిరన్న వార్త ఆమె చెవిని బడును. అప్పుడామె నోట వెలువడు ప్రశ్న ఒక్కటే: "నా ముడుపు స్వామికి చేరినదా?"

పండితులు దీనిని అమాయకపు ప్రశ్న యని త్రోసివేయుట కలదు. కాని వేదాంత విచారమునకు తగిన ప్రశ్న యిదియే. సమర్పణమనగా నేమి, సమర్పించినది ఎవరిదగును, మధ్యవర్తి దోషము సమర్పించినవాని పుణ్యమును తాకునా అను మూడు విషయములును అందులో ఇమిడియున్నవి.

లోకములో దీనికి రెండు సిద్ధసమాధానములు వినబడును. "పెద్దల సంగతి మనకేల? స్వామియే చూచుకొనును" అని కొందరందురు. "ధర్మకర్తలు, పీఠాధిపతులు అందరును ఇట్టివారే, ఇక గుడికి పోనేల?" అని వేరొకరందురు. మొదటివారు భక్తులుగను, రెండవవారు నాస్తికులుగను కనబడుదురు గాని, పరికించి చూచినచో ఇరువురును ఒకే పొరపాటున పడినవారు. ద్రవ్యమును కాపాడువానిని, ద్రవ్యమునకు స్వామియైనవానిని ఇరువురును ఒక్కనిగనే తలచుచున్నారు. అందుచేత మొదటివాడు కావలివాని తప్పెన్నుటకు భయపడును. రెండవవాడు కావలివాని మీది కోపమున స్వామినే విడిచిపెట్టును.

ఈ సంకటము ఒక దేశమునకు గాని ఒక మతమునకు గాని పరిమితమైనది కాదు. పదునారవ శతాబ్ది ఆరంభమున జర్మనీ దేశములో క్రైస్తవ మతాధికారులు, పాపశిక్షనుండి విముక్తి కలుగునని చెప్పి, పైకము తీసుకొని పత్రములిచ్చిరి. రోమునగరమందలి సెయింట్ పీటర్ దేవాలయ నిర్మాణమునకని జనులు కాసులిచ్చిరి. కాని అందు సగము, మైంజు ఆర్చిబిషప్పు అల్బ్రెక్టు తన పదవికై ఫుగ్గరు వర్తకులకు పడిన ఋణము క్రింద పోవునట్లు లోపల ఏర్పాటు జరిగినది. ఇచ్చిన సామాన్యునకు ఈ సంగతి తెలియదు. 1517లో మార్టిన్ లూథర్ ఆ పత్రముల విక్రయమును ఖండించుచు 95 వాదములను ప్రకటించెను. కాలక్రమమున సంఘమే చీలిపోయినది. ఎరాస్మస్ అను విద్వాంసుడు అంతకు ముందే, 1511లో అచ్చయిన గ్రంథమున, మతాధికారుల లోభమును ఎగతాళి చేసినవాడు. ఐనను 1536లో మరణించువరకు ఆయన ఆ సంఘమును వీడలేదు. ఒకడు వీడెను, ఒకడు వీడలేదు. దేవుని మాత్రము ఇరువురును వీడలేదు. దోషమును చూచియు నోరు మూసికొనుట భక్తి యని ఇరువురిలో ఎవరును తలంపకపోవుట గమనింపదగినది.

ఇక ఇల్లాలి ప్రశ్నకు వత్తము. శ్రీవైష్ణవ సంప్రదాయమున ప్రతి కర్మకును ముందు వెనుకల సాత్త్విక త్యాగము చెప్పుట ఆచారము. చేయించువాడు భగవంతుడే, ఫలమును ఆయనదే, ఇది నాది కాదు అను భావనయే దాని సారము. ఈ దృష్టితో చూచినచో చేతినుండి మూట జారిన క్షణముననే సమర్పణము పూర్తియైనది. ఆ తరువాత హుండీని తెరచిన చేయి శుచియైనదా, లెక్క వ్రాసిన కలము నిజము వ్రాసినదా అను వానిపై ఆమె పుణ్యము ఆధారపడియుండదు. ముడుపు స్వామికి చేరినది. ఈ సమాధానము శాస్త్రసమ్మతము, మనశ్శాంతికరము కూడ.

ఐతే ఇచ్చటనే చాలమంది ఆగిపోవుదురు. ఆగుటవలన ఈ సమాధానము దొంగకు గొడుగుపట్టును. చేరినదను మాటకు అర్థమేమో ఒకింత ముందుకు సాగి చూడవలెను. ముడుపు స్వామికి చేరినదన్నచో అది ఇప్పుడు స్వామి సొమ్ము. దానిని అపహరించినవాడు ఇల్లాలిని మోసగించలేదు, ఆమె యజమానిని మోసగించినాడు. జీవుడు భగవంతునకు శేషభూతుడని నమ్మిన ఇంటివారికి ఈ భేదము స్వల్పమైనది కాదు. యజమాని ధాన్యపు గాదెకు కన్నము పడుచుండగా చూచియు, "గింజలు నావి కావు గదా" యని పడుకొన్న పాలేరును ఎవరును విశ్వాసపాత్రుడనరు. దాతగా ఆమెకు ఇక హక్కులేదు. దాసురాలిగా బాధ్యత కలదు. లెక్క అడుగుట అను పని ఆ బాధ్యతలోనిది. అది కోపము తీర్చుకొనుట కాదు, కైంకర్యము.

న్యాయస్థానములును వేరొక త్రోవన ఇంచుమించు ఇచ్చటికే వచ్చినవి. దేవాలయపు ఆస్తికి స్వంతదారు దేవుడే. ధర్మకర్త, అర్చకుడు, మహంతు నిర్వాహకులు మాత్రమే యన్నది ఈ దేశపు న్యాయశాస్త్రమున స్థిరపడిన సూత్రము. దేవుడు తన వ్యవహారము తాను చూచుకొనలేని మైనరు వంటివాడని కూడ న్యాయవాదులు వాదింతురు. సర్వలోక శరణ్యుని మైనరనుట వినుటకు భక్తునకు నవ్వు తెప్పించును. ఐనను అందొక మంచి మాట కలదు: సంరక్షకుడు దొంగయైనంత మాత్రమున ఏ న్యాయాధిపతియు బిడ్డ హక్కును కొట్టివేయడు, సంరక్షకునే మార్చును. 1925లో కలకత్తాకు చెందిన ఒక కుటుంబపు రాధాకృష్ణ విగ్రహ విషయమున ప్రీవీ కౌన్సిలు తీర్పు చెప్పుచు, విగ్రహము ఇంటిసామాను వంటి వస్తువు కాదనియు, తగవులాడు కక్షిదారులు గాక స్వార్థములేని వేరొకరు దాని పక్షమున నిలువవలెననియు నిర్ణయించినది. స్వార్థము లేకుండ స్వామి పక్షమున నిలుచువాడు! భక్తుడను మాటకు ఇంతకన్న తిన్నని నిర్వచనము న్యాయగ్రంథములలో దొరకుట అరుదు.

1954లో ఉడుపి శిరూరు మఠ వ్యాజ్యమున సుప్రీంకోర్టు మరియొక గీత గీచినది. ఆరాధన, ఆచారము మతమునకు సంబంధించినవి, వానిలో ప్రభుత్వము చేయి పెట్టరాదు. ఆస్తి పరిపాలన మాత్రము చట్టమునకు లోబడవలెను. ఆ తీర్పు చాలవరకు మఠాధిపతికే అనుకూలమైనదను సంగతి కూడ చెప్పవలెను, ఏలయన ఆచార్యుల గౌరవమునకును లెక్కల పరిశీలనమునకును వైరము లేదని దానివలన తేటపడుచున్నది.

అంతకు ఎన్నియో శతాబ్దులకు ముందే తిరుమల శిలాశాసనములు ఈ ధర్మమును చెక్కి చూపినవి. ఒక దాత ఇంత ద్రవ్యము సమర్పించెను, దానితో ఫలాన ఉత్సవమున ఇన్ని ప్రసాదములు చేయవలెను, అందు దాత వంతు ఇంత, కైంకర్యపరుల వంతు ఇంత అని గింజ లెక్కతో సహా వ్రాయించి, గుడి కరణము చేవ్రాలుతో, ఈ ధర్మము శ్రీవైష్ణవుల రక్షణలో నుండునని ముగించుట ఆ శాసనముల పద్ధతి. రాజుల రక్షణయని గాక శ్రీవైష్ణవుల రక్షణ యనిరి. వ్రాయించినవారు అవిశ్వాసులు కారు; పరమభక్తులు. నమ్మకము గలవాడు రాతి మీద లెక్క వ్రాయించునా యని వారికి సందేహము కలుగలేదు.

ఆ కొండ మీద పరిపాలన ఎన్ని చేతులు మారినదో చరిత్ర చెప్పుచున్నది. 1801 నుండి ఈస్టిండియా కంపెనీవారు, 1843 నుండి హాథీరాంజీ మఠపు మహంతులు, 1933 నాటి మద్రాసు చట్టము తరువాత దేవస్థానపు కమిటీ. ఇందు కంపెనీవారికి స్వామిపై భక్తియే లేదు, ఆదాయముపైననే దృష్టి. మహంతుల కాలమున వ్యాజ్యములు కోర్టుల కెక్కినవి. ఐనను యాత్ర ఆగలేదు. యాత్రికుడు కంపెనీ కలెక్టరును చూచి కొండ ఎక్కలేదు, ఆయనను చూచి దిగిపోలేదు.

ఇచ్చట ఒక ఆక్షేపము వచ్చును. భద్రాచల రామదాసు ప్రభుత్వపు పైకముతో గుడి కట్టించలేదా? భక్తికి లెక్కలేల? ఈ కథను తమకు తోడు తెచ్చుకొను ధర్మకర్తలు కలరు గావున దానిని నిదానముగ చదువవలసియున్నది. కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణా తహశీలుదారు. గోల్కొండ పాలకుడు అబుల్ హసన్ తానీషా (1672 - 1687). వసూలైన శిస్తు గుడికి వెచ్చించినందున గోపన్న చెరసాల పాలయ్యెను. మొదటి సంగతి, ఆయన రాజుసొమ్ము దేవునికి పెట్టెను గాని దేవుని సొమ్ము తన ఇంట పెట్టుకొనలేదు. ఐనను రాజుసొమ్ము రాజుసొమ్మే, కథ ఆ మాటను దాచదు. ఇక రెండవ సంగతి మిక్కిలి ముఖ్యమైనది. శ్రీరాముడు తలచినచో చెరసాల గోడలు కూలియుండెడివి. కథలో అట్లు జరుగలేదు. రామలక్ష్మణులు రామోజీ లక్ష్మోజీలను పేర్లతో రాత్రివేళ తానీషా కడకు పోయి, ఆరు లక్షల మొహరీలు లెక్కించి ఇచ్చి, రసీదు పుచ్చుకొని, దానిని గోపన్న తలక్రింద ఉంచిరి. భక్తుని అప్పును భగవంతుడు కొట్టివేయించలేదు. పైకము చెల్లించి చెల్లుచీటి వ్రాయించుకొన్నాడు. లోకమున కెల్ల లెక్క చూచువాడు తానీషా కచేరీలో రసీదు అడిగినాడన్న కథను తరతరములుగ చెప్పుకొనుచున్న తెలుగువారు, ధర్మకర్తను రసీదు అడుగుటకు జంకవలసిన పనిలేదు.

జంకునకు కారణము వేరొకటి కలదు. భాగవతాపచారము మహాదోషమని సంప్రదాయము బోధించుచున్నది. ఆ భయమును చూపి ప్రశ్నలను అణచువారు కలరు. పెద్దల తప్పు బయటపడినచో దేవునికే అపకీర్తి యనుట ఇందలి రెండవ ఎత్తు. అపకీర్తి తప్పు చేయుటవలన వచ్చునా, తప్పును చెప్పుటవలన వచ్చునా? రుజువు లేని నిందను సంత వీధిలో మోయుట అపచారమే, సందేహములేదు. ఒక్కని దొంగతనమును బట్టి అర్చక కులమునంతను తిట్టుటయు అపచారమే. ధూపదీపనైవేద్యములకు సైతము చాలని ఆదాయముతో ఊరి చివరి కోవెలలో ఉదయముననే తలుపు తీయు అర్చకులు ఎందరో కలరు; పెద్ద దేవాలయపు అపకీర్తిలో వారికి వంతు పంచుట అన్యాయము. ఆధారము చూపి, అడుగవలసిన చోట, అడుగవలసిన మాటను అడుగుట మాత్రము ఏ ధర్మశాస్త్రమును నిషేధింపలేదు.

ఇంతవరకు చెప్పినది ధర్మకర్తల మాట. మంత్రోపదేశము చేసిన ఆచార్యుడే ధనమునకు లోబడినచో? ఈ బాధ వేరు. పైకము పోయిన దుఃఖమునకు లెక్క కలదు, ఈ దుఃఖమునకు లెక్క లేదు. అట్టివాని నోటినుండి విన్న తిరుమంత్రము మంత్రమగునా యను అనుమానము జపమాల పట్టిన ప్రతిసారియు గుచ్చును. సంప్రదాయము దీనికిచ్చు ఊరట గురుపరంపర. సమాశ్రయణము చేయించిన ఆచార్యుడు శిష్యుని తన పాదములకడ ఆపుకొనడు. రామానుజుల పాదములకు చేర్చి, ఆ వరుసన శ్రియఃపతి వరకు అప్పగించును. మంత్రము ఆయన స్వార్జితము కాదు. కాలువగట్టు తెగినంతనే కృష్ణానది ఎండిపోదు. ఐతే గట్టు తెగిన సంగతిని దాచిపెట్టుకొన్న రైతు పొలమునకు నీరు రాదు. ఈ మాట తెలిసియు కొంతకాలము మంత్రము నోట పలుకనివారు, గుడి మెట్లెక్కుటకు కాళ్లు రానివారు ఉందురు. వారిని భక్తిలేనివారని నిందించుట తగని పని. గాఢముగ నమ్మినవానికే ఇంత నొప్పి కలుగును.

రామానుజుల చరిత్రమున ఈ విషయమంతయు ఆచరణ రూపమున కానవచ్చును. ఆయన శ్రీరంగమునకు వచ్చునాటికి కోవెల పరిపాలన పట్టుతప్పియుండెనని కోయిలొళుగు అను దేవాలయ చరిత్రమువలన తెలియుచున్నది. ఆ కారణమున ఆయన శ్రీరంగనాథుని సేవను విడిచిపెట్టలేదు. లోపములు చూచి కన్నులు మూసికొనను లేదు. కైంకర్యపరులను పది వర్గములుగ ఏర్పరచి, ఎవరి పని యెంతవరకో విధించి, భాండారపు రాకపోకలను స్వయముగ విచారించెడివాడు. అది కొందరికి కంటగింపైనది. ఒక ఇంట భర్త బలవంతమున విషాన్నము భిక్షగా పెట్టవలసివచ్చిన గృహిణి, నోట చెప్పలేక కాళ్లపై బడి సూచించెనని సంప్రదాయము చెప్పుచున్నది. రామానుజులు నాటినుండి ఉపవాసముండిరి. వార్త విని గోష్ఠీపూర్ణులు వచ్చిరి. ఆయన ఆజ్ఞపై కిడాంబి ఆచ్చాన్ వంటకైంకర్యమునకు నియమింపబడెను. కోవెల విచారణ మాత్రము ఆగలేదు.

అంతకన్న సున్నితమైన కథ తాళపుచెవులది. కోవెల అధికారము వంశపారంపర్యముగ అముదనార్ చేతిలో నుండెను. ఆయనను కాదని తాళములు లాగుకొనుటకు రామానుజులు ఇష్టపడలేదు. శిష్యుడైన కూరత్తాళ్వానును పంపిరి. ఆళ్వాను అముదనారు ఇంట మాతృశ్రాద్ధమున భోక్తగ కూర్చుండి, తృప్తియైనదా యని అడిగినపుడు కోవెల తాళపుచెవులు కోరెననియు, అముదనార్ మారుమాట లేక ఇచ్చెననియు చెప్పుదురు. అధికారము వదలుకొన్న ఆ అముదనారే తరువాత రామానుజులపై 108 పాశురముల నూత్తందాది రచించెను. ప్రపన్నగాయత్రి యను పేర అది దివ్యప్రబంధముతో చేరి, నేటికిని శ్రీవైష్ణవాలయములలోను గృహములలోను అనుసంధింపబడుచున్నది.