రుచి చూచుట

మద్యమును గూర్చి మన సంస్కర్తలు వ్రాసిన వ్రాతలలో నొక లోటు కనబడుచుండును. వారు త్రాగుబోతు నెరుగుదురు, త్రాగుడువలన చెడిన సంసారము నెరుగుదురు, కాని త్రాగబడు వస్తువును మాత్ర మెరుగరు. కల్లు, సారా, బ్రాంది, బీరు అన్నియు వారి కొక్కటే. విషమును రుచి చూచియే విషమని చెప్పవలెనా యని వారు ప్రశ్నింతురు. ప్రశ్న బాగుగనే యున్నది. అయితే రుచికై విషమును కోరువా డెవ్వడును లేడు; దీనిని కోరువారు వేలకొలది యున్నారు. కోరబడు దానియందేమున్నదో తెలియక కోరువానితో వాదించు టెట్లు?

మా తగరపువలసనుండి హైదరాబాదునకును బెంగుళూరునకును ఉద్యోగములకై పోయిన యువకులు పండుగలకు వచ్చినపుడు ఈ విషయమున క్రొత్త మాటలు తెచ్చుచున్నారు. అచ్చట చిన్న చిన్న బీరుశాలలు వెలసినవి. పెద్ద కంపెనీల సీసాలవలె గాక, అచ్చటి బీరు ఆ యింటనే తయారై ఆ యింటనే చెల్లిపోవును. “మేము త్రాగుట లేదండి, రుచి చూచుచున్నాము” అని వీరందురు. ఈ రెంటికిని భేదము కలదా? కలదేని, అది వస్తువునందున్నదా, పుచ్చుకొనువాని మనస్సునందున్నదా, లేక వాని జేబునందున్నదా?

ముందు వస్తువును చూతము. చోళ్లను నానబెట్టి మొలకెత్తించి యెండబెట్టుట మన యిండ్లలోని స్త్రీలకు క్రొత్తగాదు. బీరునకును మొదటి పని యిదియే. గింజ మాత్రము బార్లీ. మొలకెత్తిన గింజను వేడిగాలిలో నారబెట్టి, నలిపి, వేడినీట నానబెట్టి తీయని ద్రవమును దింపుదురు. హాప్స్ అను తీగయొక్క పువ్వులు వేసి మరిగించి, చల్లార్చి, ఈస్టును కలుపుదురు. గింజను ఎంత వేచిన అంత నలుపు. పూర్వము ఐరోపాలో బీరు చాలవరకు గోధుమవన్నెగా నుండెడిది. 1842లో బొహీమియాలోని పిల్సెన్ పట్టణమున జోసెఫ్ గ్రోల్ అనునతడు లేతగా నారబెట్టిన గింజతో బంగారువన్నె బీరును తయారుచేసెను. నేడు లోకమున త్రాగబడు బీరులో నధికభాగము దాని సంతతియే. వన్నె లేతయైనందున మత్తు లేతగాదు. బెల్జియమున బంగారువన్నెతోనే నూటికి ఎనిమిది పాళ్లకు మించి మద్యసారము గల బీరులు కలవు. ఐర్లండువారి నల్లని గిన్నెస్‌లో నున్నది నాలుగు పాళ్లకు కొంచె మెక్కువ మాత్రమే. “తేలిక బీరు” అను మాటను నమ్మువారు కంటితో త్రాగుచున్నారన్నమాట.

గత వేసవిలో బెంగుళూరున మా పూర్వవిద్యార్థి యొకడు అట్టి గ్లాసొకటి మా యెదుట నుంచి, “మాస్టారూ, చూడకుండ తీర్పు చెప్పకూడదని మాకు నేర్పినవారు మీరే కదా” అనెను. మేమొక గుటక పుచ్చుకొంటిమి. మొదట చల్లదనము, పిదప అప్పుడే పొయ్యినుండి దించిన రొట్టెవాసన, దానివెంట తేనెవంటి సన్నని తీపి, తుదకు నాలుక మొదట చేదు. అది కాకరకాయ చేదు గాదు, నారింజతొక్కును కొరికినట్టిది. ఉగాదినాడు వేపపువ్వును ప్రీతితో పుచ్చుకొను జాతివారము గనుక ఆ చేదు మాకు వింతగా తోచలేదు. బాగుగనే యున్నదని చెప్పితిమి. బాగుగ నున్నదానిని బాగుగ లేదనుట నీతి గాదు.

ఇక కల్లు మాట. భీమునిపట్నము త్రోవన నున్న తాటిచెట్లయందు కుండను సున్నము పూసి కట్టిన తీయని నీరా దిగును. పూయనిచో గాలిలోని ఈస్టు కొన్ని గంటలలోనే దానిని కల్లు చేయును. పులిసిన కల్లునందు నూటికి నాలుగైదు పాళ్ల మద్యసారముండును, అనగా సామాన్యమైన బీరునం దున్నంతయే. పని చేసినది ఆ జాతి సూక్ష్మజీవియే, ఫలమును అదియే. అయినను గాజుపాత్రను పట్టుకొన్నవాడు రసికుడు, తాటాకుదొప్పను పట్టుకొన్నవాడు త్రాగుబోతు. 1954లో ఆంధ్రరాష్ట్రమున ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము పడిపోయిన అవిశ్వాసతీర్మానమునకు మద్యనిషేధమే మూలము. ఆనాడు గీతపనివారి పక్షమున నిలిచిన గౌతు లచ్చన్నగారు మన ఉత్తరాంధ్రులే. ఆ వివాదమున చెట్టెక్కువాని కూటి ప్రశ్న యుండెను గాని కల్లు రుచి ప్రశ్న యెవ్వరును ఎత్తలేదు.

ప్రాచీనులు మాత్రము రుచిని దాచలేదు. కౌటిల్యుడు సురాధ్యక్షునకు ప్రత్యేకాధ్యాయమునే వ్రాసెను. చరకుడు మద్యముయొక్క గుణమును దోషమును రెండును చెప్పెను. భారతమున సురను శపించిన శుక్రాచార్యుడు దానిని త్రాగి, అందు కలిపిన కచుని భస్మమునుగూడ మ్రింగిన పిమ్మటనే శపించెను. ఆ శాపమునకు బలమక్కడనే యున్నదని మా తలంపు.

1992లో నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడినపుడును రుచి చర్చకు రాలేదు. మగవాని కూలి యింటికి చేరుట లేదనునదే వారి వాదము. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను, 1997లో పోయెను. శాస్త్రజ్ఞులమాట వేరు: ఎంత తక్కువ పుచ్చుకొన్నను పూర్తిగా నిరపాయమను పరిమాణము లేదని ప్రపంచారోగ్యసంస్థ 2023లో ప్రకటించినది. అది ధనికుని గ్లాసునకును వర్తించును. కూలి చెడునను వాదము మాత్రము అతనికి వర్తింపదు. రుచి చూచి యాగు స్వాతంత్ర్యము, పగలెల్ల బస్తాలు మోసి అలసట మరచుటకై త్రాగువానికంటె అతని కధికముగా నున్నది. రసికత అని వీరనుకొనుచున్నదానిలో కొంత భాగము ఈ తీరికయే.

రుచియే కావలసినదైనచో పరీక్ష యొకటి కలదు. మద్యసారము తీసివేసిన బీరు నేడు దొరకుచున్నది. అంతే ధరకు, అంతే ప్రీతితో దానిని పుచ్చుకొందువా యని మా విద్యార్థి నడిగితిమి. మద్యసారము తీసివేసినచో వాసనయు చిక్కదనమును కొంత పోవునని యత డాక్షేపించెను. ఆక్షేపణ న్యాయమే. ఆ లోటును విడిచి చెప్పుమంటిమి. అతడు నిజము చెప్పు బాలుడు, కొంతసేపు గ్లాసును చేతిలో త్రిప్పుచుండి, “నేను పుచ్చుకొందునేమోనండి, మాస్టారూ, కాని దానికై స్నేహితు లెవ్వరును నాతో రారు” అనెను.