బేత్లెహేములో రైలు ఉన్నదా?

(ధ్యాన భాగములు: జెకర్యా 8:1–8, మత్తయి 26:6–13, లూకా 2:1–7)



క్రిస్మస్ దినములు సమీపించుచున్నవి. మన సంఘములలో యౌవనులు వెదురుబద్దలు చీల్చి, రంగు కాగితములు అంటించి నక్షత్రములు కట్టుచున్నారు. కొన్ని దేవాలయములలో గడ్డి కప్పి పశువుల పాక వేసి అందులో బొమ్మలు పెట్టుదురు. కొన్నిటిలో అది తగదని పెట్టరు. ఈ నెల మేము వ్రాయబూనినది ఆ పాకను గూర్చిన మాటయే గాని, వినగానే కొందరు నవ్వుదురేమో. ఇంటిలో బొమ్మ రైలు వేసి, దాని నడుమ క్రిస్మస్ ఊరు కట్టుట క్రైస్తవునికి తగునా, తగదా? మన పల్లెలలో ఈ ప్రశ్న ఎవరడిగిరి అందురా? మమ్ములను మేమే అడుగుకొనవలసి వచ్చినది. ఎందుకో ముందు తెలియగలదు.

2023 డిసెంబరు నెలలో మేమును మా యింటివారును అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రమందు మా కుమారుని యింట ఉంటిమి. ఆ రాష్ట్రము మనకు పరాయిది కాదు. 1842లో గుంటూరుకు వచ్చి అచ్చట సువార్తపని ఆరంభించిన హయ్యరు దొరగారు ఆ పెన్సిల్వేనియా లూథరను సంఘముల పక్షముననే వచ్చిరి. ఆ రాష్ట్రములో బేత్లెహేము అను పట్టణమొకటి కలదు. 1741లో మొరేవియను సహోదరులు అడవి నరికి అచ్చట కాపురము పెట్టిరి. వారి మొదటి దూలముల యింటిలో ఒక ప్రక్క మనుష్యులు, ఒక ప్రక్క పశువులు. ఆ సంవత్సరము క్రిస్మస్ ముందు రాత్రి, జిన్‌జెన్‌డార్ఫ్ అను జర్మను జమీందారు వారితో కూడ నుండగా, పాటలు పాడుచు పశువులున్న వైపునకు వెళ్లి ఆ ఊరికి బేత్లెహేమని పేరు పెట్టిరి.

వారి సంతతివారు ఏటేట ఇంటిలో నాచు, రాళ్లు, చెక్కబొమ్మలు పేర్చి ప్రభువు పుట్టుక కథను చూపు ఆచారమును నిలుపుకొనిరి. దానిని పుట్జ్ అందురు. అలంకరించుట అను అర్థమిచ్చు జర్మను మాటనుండి వచ్చినది. సంక్రాంతికి తెలుగు ఇండ్లలో బొమ్మల కొలువు చూచినవారికి దాని రూపము వేరుగా చెప్పనక్కరలేదు. పాక చుట్టు కొండ, కొండ క్రింద వాగు, వాగు గట్టున గొఱ్ఱెలు. చేతులు ఊరకుండవు గదా. పిమ్మట ఒక ఇల్లు, ఒక మర, ఒక వంతెన. ఆ వంతెన మీదికి ఒకనాడు రైలును వచ్చినది.

అది ఎట్లు వచ్చెననగా, 1891లో జర్మనీలోని మార్క్లిన్ కంపెనీవారు పట్టాలతో కూడిన బొమ్మ రైలును లైప్జిగు సంతలో పెట్టిరి. పదియేండ్ల తరువాత న్యూయార్కులో జాషువా లయొనెల్ కోవెన్ అనునతడు, అంగడి కిటికీలో సరకులు చూపుటకని విద్యుత్తుతో నడచు చిన్న బండి చేసెను. దారిని పోవువారు సరకులను విడిచి బండినే బేరమాడిరట! నాటినుండి క్రిస్మస్ చెట్టు క్రింద బొమ్మ రైలు తిరుగుట ఆ దేశమున వాడుకయైనది.

మా కుమారుడు తన ఇంటి నేలమాళిగలో ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు గల ప్లైవుడ్ పలకను బల్లకాళ్ల మీద పరచెను. పదునొకండేండ్ల మా మనుమడు తోడు. మొదట కొండలు కట్టుదురని మేమనుకొంటిమి, కాదు. ముందు పట్టాలు బిగించి, క్రింద తీగలు అతికి, వట్టి పలక మీద రెండు మూడు సాయంకాలములు బండిని ఊరకే త్రిప్పిరి. ఎందుకని అడుగగా మా కుమారుడు, “అతుకు దగ్గర గోరంత ఎత్తు ఉన్నా బండి పడిపోతుంది నాన్నా. పైన కొండ కట్టాక చెయ్యి దూరదు,” అనెను. తరువాతనే థర్మోకోలు పలకలు చెక్కి, వార్తాపత్రికలు నలిపి దొంతరలుగా పెట్టి, వాటిపై ప్లాస్టరాఫ్ ప్యారిస్ అద్దిన గుడ్డలు పరచి కొండ చేసిరి. సొరంగము వెనుకతట్టున చేయి పట్టునంత బెజ్జము విడిచిరి. మంచునకు దూది పరచుదమని మేము సలహా యిచ్చితిమి. దూదిపోగులు ఇరుసులకు చుట్టుకొనునని మనుమడే మాకు నేర్పెను. బోధకునికి బోధకుడు!

ఇక ఆ బండి కొలత. నిజమైన దానిలో 87వ వంతు. ఆరడుగుల మనిషి అంగుళమైన ఉండడు. పలక చుట్టు పట్టాల పొడవు సుమారు 17 అడుగులు. నిజమైన కొలతలో పావు మైలుకన్న కొంచెమే ఎక్కువ. ఆ పావు మైలులోనే కొండ, స్టేషను, దేవాలయము, అంగళ్లు, ఒక ఊరంతయు ఇమిడినది. కాగితము తీసి మేమొక లెక్క వేసితిమి. యెరూషలేమునుండి బేత్లెహేమునకు ఆరు మైళ్లనుకొన్నను, ఈ కొలతలో అది 360 అడుగులు దాటును. నజరేతునుండి వేయవలెనన్న అరమైలుకు మించి పలకలు పరచవలెను. నిండు చూలాలు నడచిన దారి ఎంత దూరమో, ఎన్నో క్రిస్మస్ ప్రసంగములు చేసిన మాకు ఆ నేలమాళిగలో తోచినది.

ఇప్పుడు ఆక్షేపణలు. మొదటిది, బొమ్మలు చేయకూడదని ఆజ్ఞ లేదా? ఉన్నది. అయితే నిర్గమకాండము 20వ అధ్యాయము సాగిలపడుటను, పూజించుటను గూర్చి పలుకుచున్నది. అదే గ్రంథము 25వ అధ్యాయమున కెరూబులను చేయుమని దేవుడే మోషేకు సెలవిచ్చెను. చిన్న ఇంజనుకు ఎవరును దండము పెట్టరని నవ్వి ఊరకుండవచ్చునా? ఉండరాదు. మోషే చేసిన ఇత్తడి సర్పము మొదట మేలుకే ఉండెను; జనులు దానికి ధూపము వేయగా హిజ్కియా దానిని పగులగొట్టెను (2 రాజులు 18:4). పిల్లలు ముట్టకుండ గదికి తాళము వేసికొని తానొక్కడే బండి త్రిప్పుకొను తండ్రి ఆ సర్పమునకు చాల దగ్గరవాడని మా అభిప్రాయము.

రెండవది వ్యయము. ఇది మమ్మును ఎక్కువ బాధించినది. ఇంజను, పెట్టెలు, పట్టాలు, ట్రాన్స్‌ఫార్మరు, దీపములు వెలుగు పింగాణి ఇండ్లు, అన్నిటి వెలయు మన రూపాయలలో లెక్కింపగా మా ఊరి సంఘకాపరి నెల జీతమును మించినది. అత్తరు పోసిన స్త్రీని చూచి శిష్యులు నష్టమని కోపపడిరి గదా, ప్రభువు ఆమె పక్షమున మాటలాడెను గదా అందురేమో. ఆ వచనము మా కుమారునికి అంత సులభముగా అతుకదు. ఆమె దానిని ప్రభువు తలమీద పోసెను. ఇతడు ప్లైవుడ్ మీద పోసెను. అయినను మేము కన్నది చెప్పవలెను. మా కుమారుడును కోడలును ఉద్యోగములనుండి చీకటిపడిన తరువాతనే వచ్చుదురు. భోజనపుబల్ల యొద్ద మా మనుమడు నాలుగు మాటలు మాటలాడిన గొప్ప. అదే పిల్లవాడు పలక క్రింద వెల్లకిల పడుకొని తీగలు అందించుచు, బడిలో తన్ను ఎగతాళి చేయువారిని గూర్చి తండ్రితో చెప్పుట మెట్ల మీద కూర్చుండి మేము వింటిమి. ఆ మాట బయటకు వచ్చుటకు మూడు వారములు పట్టినది. దాని వెల ఎంతని కట్టుదుము? అప్పు చేసి, లేక బీదలకు చెందవలసినది తీసి చేసినది తప్పే. ఆ రెండును కాని యెడల, తీర్పు తీర్చుటకు మేము తొందరపడము.

వస్తువులు నిలుచునని కూడ అనుకొనరాదు. అదే రాష్ట్రమున లారెన్స్ గీరింగర్ అను వడ్రంగి తన యింట క్రిస్మస్ ఊరు కట్టి, దానిని పెంచి పెంచి 1935 నుండి ప్రజలకు చూపెను. చూచుచుండగనే దీపములు తగ్గి ఆ ఊరికి రాత్రియగుచుండెను. ఆయన 1963లో మరణించెను, కుటుంబమువారు నడిపిరి, 2020లో అది మూతపడెను, పిమ్మట ముక్కలు ముక్కలుగా వేలమున అమ్ముడుపోయెను. ఎనుబదియైదేండ్లు పిల్లలు దానిని చూచి సంతోషించిరి. యెరూషలేము మరల కట్టబడు దినమును గూర్చి జెకర్యా చెప్పునప్పుడు, ముసలివారు కఱ్ఱలు పట్టుకొని కూర్చుండిరనియు, వీధులనిండ మగపిల్లలు ఆడపిల్లలు ఆడుకొనుచుండిరనియు చెప్పెను. ప్రవక్తకు ఆ దినమున చూపుటకు అంతకన్న ఘనమైన సంగతులు లేకపోయెనా? ఆటలేని పట్టణము ఆయన కంటికి బాగుపడిన పట్టణముగా కనబడలేదు కాబోలు.

మూడవ ఆక్షేపణ మాదే. అది మేము చేసినది 1978లో.

అప్పుడు మేము పల్నాటిలో ఒక పల్లెలో బడిపంతులుగా నుండి, ఆదివారములు వాక్యము చెప్పుచుంటిమి. మా కుమారునికి తొమ్మిదేండ్లు. దేవాలయములో యౌవనులు పశువుల పాక కట్టిరి. మావాడు అగ్గిపెట్టెలను దారముతో కట్టి, దారపు రీళ్లను చక్రములుగా పెట్టి, చీపురుపుల్లలను పట్టాలుగా పరచి, పాకచుట్టు రైలు వేసెను. అప్పటి గుంటూరు–మాచర్ల చిన్న బండిని చూచి చేసినది. మేము ఆరాధనకు ముందు వచ్చి చూచి, “బేత్లెహేములో రైలు ఉన్నదా?” అని గద్దించితిమి. వాడు భయపడక, “లేకపోతే మన ఊరివాళ్లు యేసయ్య దగ్గరికి ఎట్లా పోతారు నాన్నా?” అని అడిగెను. పదిమంది యెదుట ఎదురు చెప్పెనని మాకు కోపము వచ్చి, చీపురు తెప్పించి ఊడ్పించితిమి. వానిచేతనే.

ఆనాడు మేము జ్ఞానులను గూర్చి ప్రసంగించితిమి. దూరదేశమునుండి ఎట్లు వచ్చిరో వివరించితిమి. ఒంటెలని చెప్పితిమి. వారు ఒంటెలెక్కి వచ్చిరని మత్తయి వ్రాయనేలేదు. ఇంకొక సంగతి చాల ఏండ్లకు తెలిసినది: 1892లోనే యొప్పేనుండి యెరూషలేమునకు రైలుమార్గము తెరచిరి. అక్కడనుండి బేత్లెహేము ఆరు మైళ్లు. మేము గద్దించునాటికే ఆ ప్రాంతమునకు రైలు వచ్చి ఎనుబదియారేండ్లు.

సత్యము కొరకు అట్లు చేసితిమని చాలకాలము చెప్పుకొంటిమి. లోతుగా చూచిన అది సత్యము కొరకు కాదు. ప్రభువు పుట్టుక మేము ఉంచినచోటనే, రెండువేల ఏండ్ల అవతల, కదలక ఉండవలెనని మా పట్టుదల. పిల్లవాడు దానిని మా ఊరి స్టేషనుకు కలుపజూచెను. రెంటిలో లూకాకు దగ్గరిది ఏది? కైసరు ఆజ్ఞ, జనాభా లెక్క, నిండిన సత్రము, వీటన్నిటి నడుమ ఆ నాటి రద్దీలోనే గదా ఆయన పుట్టెను.

ఇక పెన్సిల్వేనియాకు వత్తుము. ఊరంతయు ముగిసిన తరువాత పాక పెట్టు పని వచ్చెను. మా కోడలి తల్లిగారు ఇచ్చిన మట్టిబొమ్మలు ఆరంగుళముల ఎత్తు. ఆ ఊరి కొలతలో మరియ 43 అడుగుల మనిషి.  మనుమడు నవ్వెను. ఊరికి సరిపడు చిన్న బొమ్మలు అంగటిలో దొరకునట. తెచ్చిన, అవి స్టేషను వెనుక, ఒకరు చూపినగాని కనబడవు. పెద్దవి పెట్టిన ఊరు పాడగును. చిన్నవి పెట్టిన ప్రభువు కనబడడు. మేము మా ఆత్మీయ జీవితమంతయు ఆ పలకమీద చూచితిమి: అంతయు మా కొలతకు కట్టుకొని, చివర ఆయనను ఎక్కడ ఇముడ్చుదుమా అని వెదకుట. మా కుమారుడు కొంతసేపు ఆలోచించి, కొండ ప్రక్కనున్న అంగళ్లు మూడు తీసివేసి, పెద్ద బొమ్మలనే అచ్చట పెట్టెను. అందము చెడినది. బండి మాత్రము ప్రతి చుట్టునకు వారి పాదముల యొద్దనుండి పోవుచుండెను.

క్రిస్మస్ ముందు రాత్రి మేము వంటింటిలో నాలుగు అగ్గిపెట్టెలు ఖాళీ చేసి దారముతో కట్టి క్రిందికి తెచ్చితిమి. క్షమాపణ అడుగవలెనని వెళ్లితిమి గాని నోటికి మాట రాలేదు. మా కుమారుడు వాటిని చూచి, మమ్మును చూచి, ఏమియు అనలేదు. మనుమడు, “తాతయ్యా, వీటికి చక్రాలు లేవు,” అనుచునే తీసికొని చివరి పెట్టెకు కట్టెను. బండి కదిలెను. అగ్గిపెట్టెలు పట్టాలమీద ఈడ్చుకొనుచు పాక దాటి, సొరంగములో దూరి, మలుపునొద్ద పడిపోయెను. మా కుమారుడు కొండ వెనుక బెజ్జములో చేయిపెట్టి వాటిని తీసి మరల కట్టెను.